దాయాది పొలం కొంటే కొరియాలోనూ కడుపు నొప్పే!

ముందు ఒక చిన్న ప్రశ్న. మీ పెదనాన్నగారబ్బాయి గన్నవరం దగ్గర రెండెకరాలు కొన్నాడని తెలిసింది. ఆ రాత్రి నుంచీ మీకు కడుపులో నొప్పి. ఈ సామెత ఏ దేశానిది?

మా కంకిపాడులో ఎవరినడిగినా 'ఇంకెవరిది, మనదే' అంటారు. కాదు, ఇది అచ్చమైన కొరియా సామెత. 'దాయాది పొలం కొంటే కడుపు నొప్పి' అంటారు వాళ్ళు. మనం 'కడుపుమంట' అంటాం. వాళ్ళది నొప్పి, మనది మంట. తేడా అంతే! మా అమ్మకి చెబితే ఏమీ ఆశ్చర్యపోలేదు. "మరి వాళ్ళకీ దాయాదులుంటారు కదరా" అనేసి పప్పు తాలింపులో పడిపోయింది.

ఈ సామెత నేను విన్నది ఏ కె-డ్రామాలోనో కాదు, ఆఫీసు కాల్‌లో. నేను పనిచేసే బెంగళూరు కంపెనీకి కొరియాలో ఒక క్లయింట్ ఉన్నారు. నెలలో మూడు వారాలు మా ఇంటి మేడ మీద గదిలోంచే పని. సియోల్ టైమ్ మనకంటే మూడున్నర గంటలు ముందు. ఇక్కడ పొద్దున పదయితే అక్కడ మధ్యాహ్నం ఒకటిన్నర. ప్రతి గురువారం ఆ టైముకి ఆరుగురు కొరియన్ ఇంజినీర్లతో అరగంట ఇంగ్లీషు ప్రాక్టీసు ఉంటుంది. నడిపేది నేను. ఆ అరగంటలో మేం చేసేది ఆటలాడటం. ఆ ఆటలన్నీ ఇంగ్లీషు జాతీయాల మీదే, అంటే ఇడియమ్స్ మీద.

కంకిపాడు కుర్రాడు కొరియా వాళ్ళకి ఇంగ్లీషు నేర్పడమేంటని మా ఫ్రెండ్స్ నవ్వారు. నవ్వుకోవాల్సిన విషయమే. కానీ అది మొదలైన కారణం మాత్రం నవ్వొచ్చేది కాదు.

వెనక పొయ్యి మీద పెట్టిన పని

ఒక వారం కాల్‌లో అమెరికా మేనేజర్ ఒక ఫీచర్ గురించి మాట్లాడుతూ 'లెట్స్ పుట్ ఇట్ ఆన్ ద బ్యాక్ బర్నర్' అన్నాడు. 'దీన్ని ప్రస్తుతానికి పక్కన పెడదాం' అని దాని అర్థం. అందరూ తలలూపారు. కాల్ అయిపోయింది.

సోమవారం పొద్దున చూస్తే ఆ ఫీచర్ మొత్తం తయారుగా ఉంది! కొరియా టీమ్‌లో అందరికంటే చిన్నవాడు శని, ఆదివారాలు రెండూ కూర్చుని రాసేశాడు. 'బర్నర్' అనేసరికి అతనికి మంట గుర్తొచ్చింది. కొరియన్‌లో 'పాదం మీద నిప్పు పడింది' అనే జాతీయం ఉంది. 'చాలా అర్జెంటు' అని దాని అర్థం. పొయ్యి, మంట, నిప్పు, అర్జెంటు! అతని లెక్క అతని భాషలో నూటికి నూరుపాళ్ళూ కరెక్టే. ఆ పని మాత్రం ఆ నెలలో ఎవరికీ అక్కర్లేదు.

అతనికి ఇంగ్లీషు రాదనుకునేరు. కొరియాలో ఉద్యోగాలకి అడిగే టోయిక్ పరీక్షలో 990కి 900 దాటిన మనిషి. డాక్యుమెంట్ చదివితే తప్పులు పట్టేస్తాడు. మరి ఆ రోజు 'అంటే ఏంటి?' అని ఒక్క మాట ఎందుకు అడగలేదు?

కొరియన్‌లో 'నున్‌చి' అనే మాట ఉంది. ఎదుటివాళ్ళ మనసు, ఆ గదిలో వాతావరణం చెప్పకుండానే కనిపెట్టి మసలుకోవడం. పెద్దవాళ్ళందరూ తలూపుతున్నప్పుడు అందరికంటే చిన్నవాడు చెయ్యెత్తి 'నాకు అర్థం కాలేదు' అనడం వాళ్ళ దగ్గర అంత తేలిక కాదు. మన దగ్గర మాత్రం తేలికా? టెన్త్ దాకా తెలుగు మీడియంలో చదివి ఇంజినీరింగ్‌లో చేరిన ఎవరినైనా అడగండి. ఫస్టియర్ క్లాసులో వెనక బెంచీ మీద కూర్చుని, అందరూ నవ్వినప్పుడు అర్థమైనట్టు నవ్వడం ఎలా ఉంటుందో చెబుతారు. ఆ నవ్వు నాకు బాగా తెలుసు. అందుకే ఆ ప్రాక్టీసు క్లాసు నడపమని మేనేజర్ అడగ్గానే ఒప్పుకున్నాను.

వాళ్ళ సునుంగ్, మన బెజవాడ

కొరియాలో ఇంగ్లీషు అంటే ఆషామాషీ కాదు. 1997 నుంచి మూడో తరగతిలోనే ఇంగ్లీషు తప్పనిసరి చేశారు. బడి అయ్యాక 'హాగ్వన్'లు, అంటే కోచింగ్ సెంటర్లు. నవంబరులో జరిగే కాలేజీ ప్రవేశ పరీక్షని 'సునుంగ్' అంటారు. అందులో ఇంగ్లీషు వినికిడి పరీక్ష జరిగే దాదాపు 35 నిమిషాలు దేశమంతా విమానాలు దిగవు, ఎగరవు. చప్పుడవుతుందని! ఆ రోజు పిల్లలకి సముద్రపు నాచుతో చేసే సూప్ పెట్టరు. అది జారుడుగా ఉంటుంది కాబట్టి మార్కులు జారిపోతాయని. 'నాచు సూప్ తాగాడు' అంటే 'పరీక్ష తప్పాడు' అనే అర్థం. జిగురుగా ఉండే మిఠాయి పెడతారు. కొరియన్‌లో 'అంటుకోవడం', 'పాసవ్వడం' రెండింటికీ ఒకటే మాట మరి. మన ఇళ్ళల్లో పెరుగు, పంచదార పెట్టి పంపినట్టే.

ఇదంతా వింటుంటే నాకు పోరంకి, గూడవల్లి, నిడమానూరు హాస్టళ్ళు గుర్తొచ్చాయి. బెజవాడ చుట్టూ పెరిగినవాడికి హాగ్వన్ గురించి ప్రత్యేకంగా చెప్పాలా? జాబితా ఇవ్వడం, బట్టీ పట్టించడం, వారానికో టెస్టు. వాళ్ళకి ఇంగ్లీషు ఇడియమ్స్ కూడా అలాగే వచ్చాయి. మూడొందల ఇడియమ్స్ జాబితా అందరి దగ్గరా ఉంది. నోటి దాకా వచ్చేవి మాత్రం మూడు.

ఇంకో సంగతి. ఇంగ్లీషు నేర్పడానికి బయటివాళ్ళని పిలిపించుకోవడం కొరియాకి అలవాటే. 1995లో 'ఎపిక్' అనే ప్రభుత్వ పథకం మొదలైంది. అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఐర్లాండ్, దక్షిణాఫ్రికా దేశాల నుంచి టీచర్లు వెళ్తారు. 2010 జనవరి 1న అమల్లోకి వచ్చిన భారత్, కొరియా వాణిజ్య ఒప్పందం మన టీచర్లకీ ఒక తలుపు తెరిచింది. ఇంగ్లీషులో డిగ్రీ, టీచరుగా అర్హత ఉన్న భారతీయులు అక్కడి బడుల్లో సహాయ టీచర్లుగా చేరొచ్చు. మరి కొరియా వాళ్ళూ మన దగ్గరికి వచ్చారుగా! అనంతపురం దారిలో పెనుకొండ పక్కన ఎర్రమంచి దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీకి 2017లో ఒప్పందం కుదిరింది. 2019 ఆగస్టులో మొదటి సెల్టోస్ బయటికొచ్చింది. అక్కడ కొరియన్ బోర్డులు పెట్టిన హోటళ్ళు కూడా వచ్చాయి. తెలుగువాడూ కొరియన్ కలిసి పనిచేస్తే మధ్యలో ఉండేది ఇంగ్లీషే. అది ఇద్దరిదీ కాదు. ఇద్దరూ కష్టపడి నేర్చుకున్నదే.

మా ఆటలన్నిటికీ ఆధారం ఈ ముక్కే. క్లాసులో ఇంగ్లీషు 'సొంతదారు' లేడు కాబట్టి ఎవరూ ఎవరి ముందూ చిన్నబోనక్కర్లేదు.

మొదటి ఆట: ఒళ్ళంతా మాటలే

తెర మీద ఒక మనిషి బొమ్మ గీస్తాం. ఒక్కో అవయవం దగ్గర ఎవరి భాషలో ఉన్న జాతీయం వాళ్ళు చెప్పాలి. ఉన్నదున్నట్టు అనువదించి చెప్పాలి. మిగతావాళ్ళు దాని అర్థం ఊహించాలి. కరెక్టుగా ఊహిస్తే ఒక పాయింటు.

'అతని పాదం వెడల్పు' అన్నారు వాళ్ళు. చెప్పుల సైజు గురించనుకున్నాను. చాలామందితో పరిచయాలున్నవాడని అర్థమట. 'చెవులు పలచన' అంటే ఎవరేం చెప్పినా నమ్మేస్తాడని. 'చెయ్యి పెద్దది' అంటే ధారాళంగా ఇస్తాడని. నేను 'అతని చేతికి ఎముక లేదు' అన్నాను. అందరూ యాక్సిడెంటేమో అనుకుని మొహాలు బాధగా పెట్టారు!

ధైర్యం ఎక్కడుంటుంది? ఇంగ్లీషు వాళ్ళకి 'గట్స్'లో, అంటే పేగుల్లో. కొరియన్లకి కాలేయంలో. కాలేయం పెద్దదైతే ధైర్యస్తుడు, వాచిపోతే తెగించినవాడు. మనకి గుండెలో. ఒకే ధైర్యం మూడు ఊళ్ళలో మూడు అడ్రసులు.

కొన్నిచోట్ల మాట ఒకటే, అర్థం వేరు. 'కళ్ళు పైన ఉన్నాయి' అంటే కొరియన్‌లో 'ఏదీ ఓ పట్టాన నచ్చదు, పెద్ద కోరికలు' అని. పెళ్ళి సంబంధాలప్పుడు ఎక్కువగా వాడతారట. మన దగ్గర కళ్ళు నెత్తికెక్కితే పొగరు. పాదం మీద నిప్పు పడితే వాళ్ళకి అర్జెంటు. మనకి అరికాలి మంట నెత్తికెక్కితే కోపం. ఇవి బయటపడ్డాక ఎవరికీ చెప్పకుండానే ఒక సంగతి అర్థమైంది. వెనక పొయ్యి విషయంలో జరిగింది తెలివితక్కువతనం కాదు, తన భాష బాగా తెలిసినవాడికి సహజంగా వచ్చే ఊహ. ఆ కుర్రాడు ఆ రోజు మొదటిసారి కెమెరా ఆన్ చేశాడు.

రెండో ఆట: మూడు ముక్కలు

ఇది పేకాటలో సెట్లు కలిపినట్టు ఉంటుంది. ఒక కార్డు ఇంగ్లీషు, ఒకటి కొరియన్, ఒకటి తెలుగు. ఒకే అర్థం వచ్చే మూడింటినీ జత కలపాలి. కొన్ని చాలా తేలిక. 'ఒకే రాయి, రెండు పిట్టలు' మూడు భాషల్లోనూ పిట్టల మీదే.

'పీస్ ఆఫ్ కేక్' అనే కార్డుకి కొరియన్ జత 'పడుకుని తొక్ తినడం'. తొక్ అంటే బియ్యప్పిండితో చేసే మెత్తటి వంటకం. మన ఉండ్రాళ్ళకి దూరపు చుట్టం. మన కార్డు 'నల్లేరు మీద బండి నడక'. నల్లేరు అంటే ఏంటని వాళ్ళు అడిగారు. కిందికి దిగి అమ్మనడిగితే, పెరట్లో కంచె మీద పాకిన తీగ కోసి చేతిలో పెట్టింది. "పచ్చడి చేస్తే లొట్టలేసుకు తింటావు, పేరు తెలీదా?" అంది. దాన్ని కెమెరా ముందు పెట్టాను. ఆ మెత్తటి తీగ మీద బండి చక్రం ఎంత సాఫీగా దొర్లుతుందో చూపించాక ఆ ఆరుగురిలో ఎవరూ ఆ ఇడియమ్ మర్చిపోలేదు.

'గుడ్లు పొదగకముందే కోడిపిల్లల్ని లెక్కపెట్టకు' అని ఇంగ్లీషు. 'తొక్ ఇచ్చేవాడు ఇస్తానననే లేదు, నువ్వు అప్పుడే కిమ్చీ రసం తాగేస్తున్నావు' అని కొరియన్. 'ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం' అని మనం. వాళ్ళు ఓట్లేసి మన సోమలింగాన్ని గెలిపించారు. ఆ పేరు పలకలేక నానా తంటాలు పడ్డారు కూడా.

'తిమింగలాలు కొట్టుకుంటే రొయ్య వీపు పగిలింది' అనే కార్డు చూస్తే మన డెల్టా రొయ్యల చెరువులు గుర్తొచ్చాయి. మనకైతే ఆంబోతుల పోట్లాటలో లేగదూడలు నలుగుతాయి. ఆఫ్రికా నుంచి ఇంగ్లీషులోకి వచ్చిన సామెతలో ఏనుగులు పోట్లాడితే గడ్డి నలుగుతుంది. ఇద్దరు మేనేజర్లున్న టీమ్‌లో జూనియర్లకి దీని అర్థం ఎవరూ వివరించక్కర్లేదు.

మూడో ఆట: వంటగదా? ఆటస్థలమా?

ఇడియమ్ చెబుతాం. అది ఎక్కడ పుట్టి ఉంటుందో ఊహించాలి. వంటగది, ఓడ, పొలం, పేకాట, ఆటస్థలం. ఇది ఉత్త సరదా కాదు. ఫ్రాంక్ బూర్స్ అనే భాషావేత్త, ఆయన తోటివాళ్ళు దీనిమీద పరిశోధనలు చేశారు. ఇడియమ్ ఏ రంగంలో పుట్టిందో తెలిస్తే, లేదా కనీసం ఊహించే ప్రయత్నం చేస్తే, అది బాగా గుర్తుంటుందని తేల్చారు. ఒకే అక్షరంతో మొదలయ్యే మాటలున్న ఇడియమ్స్ కూడా తొందరగా పట్టుబడతాయట. 'కూల్ యాజ్ ఎ కుకుంబర్' లాంటివి. 'ఆలు, చూలు' ఎందుకు నాలుక మీద నిలిచిపోతాయో మనకి తెలిసిందే.

బ్యాక్ బర్నర్ వంటగదిలోది. మన ఇళ్ళల్లో స్టవ్‌కి రెండు బర్నర్లు పక్కపక్కనే ఉంటాయి. అమెరికా వంటింట్లో నాలుగుంటాయి. ముందు రెండింటి మీద ఇప్పుడు కావాల్సిన వంట, వెనక రెండింటి మీద నెమ్మదిగా ఉడికేది. ఆ బొమ్మ ఒక్కసారి చూస్తే చాలు, మళ్ళీ జన్మలో తప్పు పోరు. మన భాషలో చెప్పాలంటే 'సిమ్‌లో పెట్టడం', అంతే.

ఆటస్థలం దగ్గరికి వచ్చేసరికి కథ తిరగబడింది. అమెరికన్ ఆఫీసు ఇంగ్లీషులో సగం బేస్‌బాలే. 'బాల్‌పార్క్ ఫిగర్', 'టచ్ బేస్', 'కర్వ్ బాల్'. మనం క్రికెట్ జనం. ఇవి నేను విని వాడుతున్నానే గాని, మైదానంలో ఎలా ఉంటాయో ఎప్పుడూ చూడలేదు. కొరియాలో 1982 నుంచి ప్రొఫెషనల్ బేస్‌బాల్ లీగ్ ఉంది, అక్కడ దానికి మన ఐపీఎల్ అంత పిచ్చి. 'కర్వ్ బాల్' రాగానే, మాట్లాడని ఆ కుర్రాడే మైక్ తీసుకున్నాడు. చేతిలో నారింజపండు పట్టుకుని, వేళ్ళు ఎక్కడ పెడతారో, బంతి బ్యాటర్ దగ్గరికి వచ్చేసరికి ఎలా కిందికి వంగుతుందో చూపించాడు. ఊహించని చిక్కుని 'కర్వ్ బాల్' అని ఎందుకంటారో నాకు ఆ రోజు తెలిసింది. ఎవరూ ఆపలేదు. నాలుగు నిమిషాలు మాట్లాడాడు. వ్యాకరణం అక్కడక్కడా తడబడింది. ఎవరికీ పట్టలేదు, అతనికి అసలే పట్టలేదు.

బదులుగా నేను 'స్టిక్కీ వికెట్' చెప్పాను. వాన పడి ఎండ కాసిన పిచ్ మీద బంతి ఎటు లేస్తుందో తెలియదు, అందుకే ఇబ్బందికర పరిస్థితిని అలా అంటారని. బ్రిటిష్ వాళ్ళ ఆట మనకి అర్థమైనట్టు, అమెరికా వాళ్ళ ఆట వాళ్ళకి అర్థమైంది. టీచరెవరో, స్టూడెంటెవరో ఆ అరగంటలో గుర్తుపట్టడం కష్టం.

ఇప్పుడు మా టీమ్‌కి ఇదో కోడ్ అయింది. పెద్ద మీటింగ్‌లో ఎవరైనా అర్థంకాని ఇడియమ్ వాడితే 'వంటగదా? ఆటస్థలమా?' అని అడుగుతారు. 'నాకు అర్థం కాలేదు' అనడానికి మొహమాటపడే మనిషి ఇది మాత్రం నవ్వుతూ అడిగేస్తాడు. అమెరికా మేనేజర్ కూడా ఆగి, నవ్వి, మామూలు మాటల్లో చెబుతాడు. ఒక శని, ఆదివారం ఎవరిదో మిగులుతుంది.

అన్నం తిన్నావా?

ఆటల మధ్య బయటపడ్డవి ఇంకా ఉన్నాయి. 'నానున్ పాబుల్ మొగొస్సొయో' అంటే 'నేను అన్నం తిన్నాను'. మాటల వరస కూడా మనదే. క్రియ చివర్లో వస్తుంది. కొరియన్‌కి, ద్రావిడ భాషలకి చుట్టరికం ఉందని హోమర్ హల్బర్ట్ అనే అమెరికన్ 1900ల తొలి దశకంలో ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. ఇప్పటి భాషావేత్తలు దాన్ని ఒప్పుకోరు. చుట్టరికం లేకపోయినా పలకరింపు మాత్రం ఒకటే. వాళ్ళూ కనబడగానే 'అన్నం తిన్నారా?' అంటారు. అది లంచ్‌కి పిలుపు కాదని ఇంగ్లీషు వాళ్ళకి వివరించాలి. మనకక్కర్లేదు.

'స్క్విడ్ గేమ్' చూశారు కదా. బొమ్మ తల తిప్పే ఆటని ఇంగ్లీషు డబ్బింగ్‌లో 'రెడ్ లైట్, గ్రీన్ లైట్' అన్నారు. అక్కడి పిల్లలు నిజానికి అనేది 'ముగుంగ్వా పువ్వు పూసింది' అని. ముగుంగ్వా మన మందార జాతి పువ్వు, వాళ్ళ జాతీయ పుష్పం. ట్రాఫిక్ లైట్ పెట్టేసరికి ఆట అర్థమైంది, పువ్వు పోయింది. జాతీయాల అనువాదంలో జరిగేదీ సరిగ్గా ఇదే.

కంకిపాడు ఎనిమిదో తరగతి

మా పెద్దమ్మ కూతురు ఈ చుట్టుపక్కల ఒక జెడ్పీ హైస్కూల్లో ఇంగ్లీషు టీచరు. పండక్కి వచ్చినప్పుడు ఈ ఆటల గురించి చెప్పాను.

"మా పిల్లలకీ ఇదే గొడవరా. చదవమంటే చదువుతారు. మాట్లాడమంటే కాళ్ళు చూసుకుంటారు" అంది.

"ఆ మనిషి బొమ్మ ఆట పెట్టి చూడక్కా."

"సిలబస్ ఎవరు పూర్తి చేస్తారు, నువ్వొచ్చి చేస్తావా?" అని కసిరింది గానీ, తర్వాత వారమే పెట్టింది.

2020-21 నుంచి మన ప్రభుత్వ బడుల పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు వచ్చాయి. పాఠం ఎదురు పేజీలో దొరుకుతుంది గానీ, నుడికారం దొరకదు. బోర్డు మీద బొమ్మ గీసి, ముందు తెలుగులో చెప్పమంది అక్క. అంతే, క్లాసు గోల గోల అయిందట. 'కడుపుమంట', 'నోట్లో నాలుక లేదు', 'చెవిలో పువ్వు', 'ముక్కు మీద కోపం'. చెయ్యెత్తని పిల్లలే ఎక్కువ చెప్పారట. వాళ్ళు అమ్మమ్మల దగ్గర పెరిగినవాళ్ళు. తర్వాత వాటికి ఇంగ్లీషు జత వెతికారు. కడుపుమంటకి 'గ్రీన్ విత్ ఎన్వీ' దొరికింది. "అసూయ రంగు ఆకుపచ్చా మేడమ్? మన వరిచేను రంగా?" అని ఒకడు అడిగాడట. ఆ ప్రశ్న అడిగింది ఇంగ్లీషులో! 'ఈజ్ జెలసీ గ్రీన్, మేడమ్?' అని. ఏడాదిలో వాడు క్లాసులో సొంతంగా అన్న మొదటి ఇంగ్లీషు వాక్యం అదే అని అక్క చెప్పింది.

'ముక్కు మీద కోపం' దగ్గర మాత్రం ఆగిపోయారట. ఇంగ్లీషులో ముక్కుతో కోపం కుదరలేదు. కుదరకపోవడం కూడా పాఠమే. భాష అంటే ఎదురు పేజీలో అచ్చుగుద్దినట్టు దొరికేది కాదని ఎనిమిదో తరగతిలోనే తెలియడం మంచిదే.

ఇంతకీ ఇడియమ్స్ అవసరమా?

ఇన్ని ఆటలాడి, చివరికి మా టీమ్ పెట్టుకున్న రూల్ వింటే మీకు నవ్వొస్తుంది. రాతలో ఇడియమ్స్ వాడకూడదు! టికెట్లో, మెయిల్లో 'ఈ పని ఇప్పుడొద్దు, వచ్చే నెల చూద్దాం' అని తేటగా రాయాలి. ఎందుకంటే ఇంగ్లీషు పుట్టింట్లోనే వీటి మీద ఏకాభిప్రాయం లేదు. ఒక విషయాన్ని 'టేబుల్ చేద్దాం' అంటే బ్రిటన్‌లో 'ఇప్పుడే చర్చిద్దాం' అని అర్థం. అమెరికాలో 'వాయిదా వేద్దాం' అని. అదే మాట, తలకిందుల అర్థం. వాళ్ళకే లేని పట్టింపు మనకెందుకు?

మరి ఆటలెందుకు? వినడానికి. సినిమా చూస్తే, మీటింగ్‌లో కూర్చుంటే, ఎవరో నవ్వితే ఎందుకు నవ్వారో తెలియడానికి. తెలియకపోతే అడిగే ధైర్యం కోసం. ఇడియమ్ అర్థం కాని మనిషికి ఇంగ్లీషు రాదని కాదు, ఆ మనిషి ఇంకో భాషలో బాగా బతికాడని. అతని భాష దగ్గర మొదలుపెడితే ఇంగ్లీషు దాకా నడిచొస్తాడు. ఇంగ్లీషు జాబితా దగ్గర మొదలుపెడితే అక్కడే ఆగిపోతాడు. సియోల్ ఇంజినీరుకైనా, మా ఊరి ఎనిమిదో తరగతి కుర్రాడికైనా ఇది ఒకటే.

మీరూ ఆడొచ్చు. ముగ్గురుంటే చాలు. ఫోన్లు పక్కన పెట్టక్కర్లేదు, వాట్సాప్ గ్రూపులోనూ ఆడుకోవచ్చు. ఒకరు తెలుగు జాతీయాన్ని మాటకి మాట ఇంగ్లీషులో పెట్టాలి. మిగతావాళ్ళు అసలుది కనిపెట్టాలి. తర్వాత అర్థంలో దానికి సరిపోయే ఇంగ్లీషు జత వెతకాలి. దొరకకపోతే ఇంట్లో పెద్దవాళ్ళని అడగాలి, గూగుల్‌ని తర్వాత. మొదటి ప్రశ్న నేనే ఇస్తాను: 'హిజ్ హ్యాండ్ హ్యాజ్ నో బోన్.' జవాబు పైన ఎక్కడో ఉంది. కొరియాలో ఆరుగురికి తెలుసు.